పాండవుల గుట్టకు మార్చిలో పోవచ్చా?

ప్రశ్న: అన్నలూ, భూపాలపల్లి జిల్లా రేగొండ దగ్గరి పాండవుల గుట్టకు మార్చి ఆఖర్ల పిల్లలతో పోదామనుకుంటున్నం. నీళ్లెన్ని పట్టుకపోవాలె? అక్కడ రాళ్ల మీద రంగుతో గీసిన పాతకాలపు బొమ్మల ఫొటోలు ఎట్ల తీయాలె?

జవాబు: పొద్దున ఆరింటికే ఎక్కి, పదికల్లా దిగాలె. మనిషికి 3 లీటర్లు. ఇసుకరాయి కాలితే కాలు పెట్టనియ్యదు. సెంటు, పొగ వద్దు, తేనెటీగలు లేస్తయి.

జవాబు: బొమ్మలు బాగా కనబడాలని కొందరు నీళ్లు చల్లుతరు. దండం పెట్టి చెప్తున్న, చల్లకండి. తడి ఆరేటప్పుడు రాయిలోని ఉప్పు పైకొచ్చి, రంగుతో సహా పొరలు ఊడిపోతయి. చెయ్యి తాకినా చెమట, నూనె అంటుకుంటది. ఫొటోకు పక్కనుంచి పడే పొద్దుటి వెలుతురు చాలు.

జవాబు: అన్నిటికన్న భయం నిప్పుతోనే. అప్పటికి రాలిన ఆకంతా ఎండి ఉంటది, ఒక్క బీడీ ముక్క చాలు. మొలకలు, నేలమీది పిట్టగూళ్లు కాలిపోతయి. వానలకు బోడినేల మట్టి కొట్టుకపోతది. వంట ఇంటికాడే చేసుకొని పోండి.