మ్యాట్ లేకుండా 12 వారాలు: పోల్ వాల్ట్ పిల్లలతో ఆఫ్ సీజన్‌లో ఏం చేయించాలి?

పీఈటీ_ఓరుగల్లు:

నమస్కారం అండి. నా దగ్గర ఇద్దరు పిల్లలున్నారు. అబ్బాయికి 15 ఏళ్ళు, ఎత్తు 165 సెం.మీ., బరువు 52 కిలోలు, బెస్ట్ 3.20 మీటర్లు, గ్రిప్ (పోల్ కింది మొన నుంచి పై చేయి పట్టు దాకా) 3.35 దగ్గర. అమ్మాయికి 14, బరువు 44 కిలోలు, బెస్ట్ 2.30. సీజన్ అయిపోయింది, మళ్ళీ మీట్ అంటే 14 వారాలు. అప్పటిదాకా ల్యాండింగ్ మ్యాట్ దొరకదు, చివరి రెండు వారాలు మాత్రం ఇస్తామన్నారు.

మా దగ్గర ఉన్నవి: లాంగ్ జంప్ ఇసుక గుంట, చినప్ బార్, వేపచెట్టుకు కట్టిన మోకు, రెండు ఫైబర్ పోల్స్ (3.66 మీటర్లది 120 పౌండ్లు, 3.35 మీటర్లది 100 పౌండ్లు).

నా డౌట్లు: రోజూ 5 కిలోమీటర్లు పరుగు పెట్టించాలా? ఇసుకలో పోల్‌తో దూకించొచ్చా? అబ్బాయిని టేకాఫ్ దగ్గర ఎవరో వెనక్కి గుంజినట్టు అవుతోంది, బలం చాలకనా? 120 పోల్ పెద్దగా వంగట్లేదు, అయినా 130 కొనమని ఒకరు సలహా ఇచ్చారు, కొనాలా? ఇంకోటి, వాడు ఈమధ్య నడుం కొంచెం పట్టేసిందంటున్నాడు.

రన్‌వే_40:

ముందు 130 పోల్ సంగతి, ఎందుకంటే డబ్బు పోయేది అక్కడే. పోల్ మీద రాసిన పౌండ్లు (ఎంత బరువున్న మనిషికో చెప్పే అంకె) పై చివర దగ్గర, సుమారు 15 సెం.మీ. కింద పట్టుకుంటే వర్తించే లెక్క. 3.66 పోల్‌కి అది 3.51 దగ్గర. మీవాడు 3.35 దగ్గర పట్టుకుంటున్నాడు, అంటే ఇంకో 16 సెం.మీ. కిందికి. ఉజ్జాయింపుగా 15 సెం.మీ. కిందికి దిగితే పోల్ 10 పౌండ్లు గట్టిపడినట్టే. కాబట్టి ఆ 120 పోల్ వాడి చేతిలో ఇప్పటికే 130లా ఉంది. వంగట్లేదంటున్నది అందుకే. కొనొద్దు.

ఇంకో లెక్క చూడండి. బాక్స్ (పోల్ మొన ఆనించే గుంట) లోతు 20 సెం.మీ. 3.35 గ్రిప్‌లోంచి 20 తీసేస్తే 3.15. వాడు దాటింది 3.20. అంటే చేతికంటే 5 సెం.మీ. మాత్రమే పైకి వెళ్ళాడు. ఈ వయసులో అది తప్పేమీ కాదు. కానీ పైకి పోవాలంటే గ్రిప్ పెరగాలి. పట్టు పైకి జరిపితే పోల్‌ని నిలువుగా లేపడానికి టేకాఫ్ దగ్గర స్పీడు కావాలి, చేయి పూర్తిగా పైకి చాచి ఉండాలి. మీ 14 వారాలు ఈ రెండింటికీ పెట్టండి.

5 కిలోమీటర్ల పరుగు వద్దు. రన్‌వే మీద పరుగు నాలుగైదు సెకన్లలో అయిపోతుంది, దానికి రోజూ నెమ్మదిగా పరిగెత్తే కాళ్ళు అక్కర్లేదు. మొదటి నాలుగు వారాలు వారానికి రెండుసార్లు గడ్డి మీద 100 మీటర్లు 8 సార్లు, 70 శాతం వేగంతో, నడుచుకుంటూ వెనక్కి. దమ్ముకి ఇది చాలు. ఐదో వారం నుంచి 30 మీటర్లు ఫుల్ స్పీడ్‌లో 4 నుంచి 6 సార్లు, మధ్యలో మూడేసి నిమిషాల విరామం. ఆ విరామం తగ్గిస్తే స్పీడ్ వర్కవుట్ కాస్తా దమ్ము వర్కవుట్ అయిపోతుంది. చాలా గ్రౌండ్లలో జరిగే తప్పు ఇదే.

వెనక్కి గుంజినట్టు అవ్వడం బలం తక్కువై కాదు, నూటికి తొంభై సార్లు అడుగు 'అండర్' పడటం వల్ల, అంటే పడాల్సిన చోటు దాటి లోపలికి పడటం వల్ల. ఇలా చూడండి: పోల్ మొనని బాక్స్‌లో ఆనించి, పై చేయి తల మీదుగా పూర్తిగా చాచి నిలబెట్టండి. ఆ చేతి నుంచి నేలకి తాడూ రాయీ వేలాడదీసి, రాయి తగిలిన చోట సున్నంతో గీత పెట్టండి. టేకాఫ్ కాలి బొటనవేలు ఆ గీత మీద గానీ, ఐదు పది సెం.మీ. వెనక గానీ పడాలి. పిల్లలకి గీత దాటి 20, 30 సెం.మీ. లోపలికి పడుతుంది. పాదం చేతికంటే ముందుకి వెళ్ళిపోతే, పోల్ తగలగానే భుజాన్ని వెనక్కి లాగేస్తుంది. అబ్బాయి చెప్పే 'గుంజుడు' అదే. నడుం వెనక్కి విల్లులా వంగేదీ అప్పుడే, అందుకని నొప్పికి కూడా కారణం ఇక్కడే ఉండొచ్చు.

అండర్ ఎందుకు పడుతుందంటే చేతులు ఆలస్యంగా లేస్తాయి, ఆ ఆలస్యాన్ని పూడ్చడానికి చివరి అడుగు సాగదీస్తారు. ఎడమ కాలితో ఎగిరేవాళ్ళకి చివరి మూడు అడుగులు ఎడమ, కుడి, ఎడమ. మొదటి ఎడమకి పై చేయి తుంటి దగ్గర నుంచి కదలాలి, కుడికి చెవి దాటాలి, చివరి ఎడమ నేలని తాకేలోపే చేయి పూర్తిగా పైకి పోయి ఉండాలి. దీన్ని నడకలో రోజుకి 20 సార్లు, తర్వాత మెల్లని పరుగులో 10 సార్లు. ఫోన్‌ని పక్క నుంచి 8, 10 మీటర్ల దూరంలో, నడుం ఎత్తులో పెట్టి తీయండి. వెనక నుంచి తీసిన వీడియోలో అడుగు కనపడదు.

ఇసుకలో దూకించొచ్చు, దూకించాలి కూడా. గుంటని పార తిరగేసి 40 సెం.మీ. లోతు వరకు వదులు చేయండి, పైన కొంచెం నీళ్ళు చల్లండి. గుంట అంచు చెక్కకి మొన ఆనించకూడదు, లోపలికి ఒక మీటరు దూరంలో ఇసుకలోనే గుచ్చాలి. మొదటి రోజు గ్రిప్: పోల్‌ని నిలువుగా నిలబెట్టి చేయి చాచితే ఎక్కడ అందుతుందో దానికి 30 సెం.మీ. పైన. రెండడుగులు, తర్వాత నాలుగు, తర్వాత ఆరు. కుడి చేయి పైన ఉన్నవాళ్ళు పోల్‌కి కుడి పక్క నుంచి పోవాలి, రెండు కాళ్ళ మీద ముందుకి చూస్తూ దిగాలి. పోల్ వంగకూడదు. నిలువు దాటి సులువుగా ముందుకి పడితేనే గ్రిప్ ఒక పిడికిలి, అంటే 10 సెం.మీ., పెంచండి. మధ్యలో ఆగి వెనక్కి వచ్చేస్తే అదే పిడికిలి తగ్గించండి, అక్కడ వాదన లేదు. వారానికి రెండు రోజులు, రోజుకి 20 గెంతులు చాలు.

మల్లకంబ_మోకు:

పైన చెప్పింది బాగుంది కానీ గాల్లో తలకిందులుగా తిరగడం గురించి ఏమీ లేదు. రష్యా పోల్ వాల్ట్ ఛాంపియన్ ఇసిన్‌బయేవా 15 ఏళ్ళ దాకా జిమ్నాస్ట్, పొడుగు పెరిగిపోతోందని పోల్ వాల్ట్‌కి మారింది. ఆ శరీర జ్ఞానం పోల్ పట్టుకుంటే వచ్చేది కాదు. మీ దగ్గర మోకు ఉంది, వాడండి. కింద ఇసుక బస్తాలు గానీ పాత పరుపు గానీ పరచండి. చినప్ బార్ మీద ముందు మోకాళ్ళు ఛాతీకి 3 సెట్లు, 8 చొప్పున. అవి ఊగకుండా వస్తే కాళ్ళు చాచి వేళ్ళు బార్‌కి తాకించడం, 3 సెట్లు, 5 చొప్పున. ఆ తర్వాత మోకు పట్టుకుని మూడడుగులు పరిగెత్తి ఊగి, ఎడమ కాలు పొడవుగా ఊపుతూ తలకిందులవడం. వీటితో పాటు చినప్‌లు, దండీలు, బస్కీలు వారానికి మూడు రోజులు. చినప్ ఒక్కటి కూడా రాని అమ్మాయితో స్టూల్ ఎక్కించి పైనుంచి ఐదు సెకన్లలో మెల్లగా దిగడం చేయించండి.

రన్‌వే_40:

మోకుతో నాకు పేచీ లేదు, వరుసతో ఉంది. టేకాఫ్ కుదరకముందే తలకిందులవడం నేర్పితే పిల్లలు నేల వదలగానే చేతులతో లాక్కుంటారు, మోకాళ్ళు ముడిచేస్తారు. పోల్ అక్కడే ఆగిపోతుంది. మోకు మీద కూడా మొదటి నెల కింది కాలు చాచి ఊగడం వరకే ఉంచండి. చేతులు మడవకూడదు. తిరగడం ఆరో వారం తర్వాత.

కీళ్ళ_డెస్క్:

నడుం మాట ఎవరూ పూర్తిగా పట్టించుకోలేదు. ఎదిగే వయసులో నడుం మాటిమాటికీ వెనక్కి వంగే ఆటల్లో కింది వెన్నుపూసలో సన్నని చీలిక రావడం తెలిసిన విషయమే. అబ్బాయిని ఒంటికాలి మీద నిలబెట్టి వెనక్కి వంగమనండి. నడుం కింద ఒక పక్క స్పష్టంగా నొప్పి వస్తే ఇసుక గెంతులు, మోకు, ఫుల్ స్పీడ్ పరుగులు ఆపి ఆర్థోపెడిక్ డాక్టర్‌కి చూపించండి. మొదటి రోజుల్లో మామూలు ఎక్స్‌రేలో ఏమీ కనపడకపోవచ్చు, అది చూసి 'ఏం లేదు' అనుకుని మళ్ళీ దూకించకండి. ఆ పరీక్షలో నొప్పి రాకపోయినా రెండు వారాలు దాటి పట్టేసినట్టే ఉంటే చూపించాల్సిందే.

ప్రతి నెలా ఒకటో తారీఖున గోడ మీద ఎత్తు గీయండి. నెలలో సెంటీమీటరు పైన పెరిగిందంటే ఆ నెల గెంతులు సగానికి తగ్గించండి. మడమ వెనకా, మోకాలి చిప్ప కిందా నొప్పులు ఎక్కువగా వచ్చేది అప్పుడే.

పీఈటీ_ఓరుగల్లు:

చాలా థాంక్స్ అండి. సున్నం గీత పెట్టి చూశాను, 25 సెం.మీ. లోపల పడుతోంది! ఒంటికాలి పరీక్షలో నొప్పి లేదు, అయినా రెండు వారాలు గమనిస్తాను. రెండు చిన్న డౌట్లు. పరుగులో పోల్ మోయడం ప్రాక్టీసుకి వెదురు బొంగు వాడొచ్చా? చివరి రెండు వారాల్లో మ్యాట్ దొరికాక ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

రన్‌వే_40:

మోయడానికి బొంగు భేషుగ్గా పనికొస్తుంది, ఎగరడానికి మాత్రం వద్దు. 1940లో అమెరికా వాల్టర్ వార్మర్‌డామ్ 15 అడుగుల ఎత్తు దాటింది వెదురుతోనే, కానీ అది ఏరికోరి తెచ్చిన బొంగు. మన దగ్గర ఎండిన బొంగు కణుపు దగ్గర చీలి అరచేతిలో దిగుతుంది. మోసే బొంగుకి కూడా చేయి పడే చోట టేప్ చుట్టండి. రెండు చేతుల మధ్య భుజాల వెడల్పుకి ఒక పిడికిలి ఎక్కువ ఉండాలి. దగ్గరగా పట్టుకుంటే మొన బరువంతా ఎడమ చేతి మీద పడి, పిల్లలు వెనక్కి వాలి పరిగెత్తుతారు. 20 మీటర్లు 6 సార్లు, మొన పైకి మొదలుపెట్టి మెల్లగా దించుకుంటూ రావాలి. రెండు వారాలకోసారి 20 మీటర్లు పోల్‌తో, పోల్ లేకుండా టైమ్ తీయండి. రెంటికీ తేడా తగ్గుతుంటే దారిలో ఉన్నట్టే.

మ్యాట్ దొరికాక ఆరడుగుల పరుగుతోనే మొదలు. ఇసుకలో మొన 10 సెం.మీ. దాకా దిగుతుంది, బాక్స్ లోతు 20. కాబట్టి ఇసుకలో చివరి గ్రిప్‌కి 10 సెం.మీ. కలిపితే అదే ఎత్తు. కొత్తగా అనిపించదు. మూడు సెషన్లు అడ్డ బార్ లేకుండా, తర్వాత ఆ బార్ బదులు ఎలాస్టిక్ తాడు, స్టాండర్డ్స్ (బార్‌ని మోసే నిలువు స్తంభాలు) 80 సెం.మీ. వెనక్కి. అడుగులు ఒక్కో సెషన్‌కి రెండు చొప్పున పెంచండి, ఎనిమిది దగ్గర గీత మీద పడకపోతే పదికి వెళ్ళకండి.

మల్లకంబ_మోకు:

పోల్స్ గురించి ఒక మాట. ఇసుకలో వాడిన ప్రతిసారీ మొనకున్న రబ్బరు బూటు తీసి ఇసుక దులపండి, లోపల ఉండిపోతే ఫైబర్‌ని ఉప్పుకాగితంలా అరగదీస్తుంది. వారానికోసారి పోల్ పొడవునా దూది రుద్దండి. ఎక్కడైనా పోగులు చిక్కుకుంటే అక్కడ గాటు ఉన్నట్టు, అది షూ స్పైక్ తగిలి పడిందైనా సరే, ఆ పోల్‌తో ఇక ఎవరినీ ఎగరనివ్వకండి. ఎండలో, రేకుల షెడ్డులో వదిలేయొద్దు. ప్లంబింగ్ షాపులో 4 అంగుళాల పీవీసీ పైపు 6 మీటర్లది తెచ్చి 4 మీటర్ల దగ్గర కోయించి, రెండు చివర్లా మూతలు పెట్టండి. రెండు పోల్స్ గుడ్డ చుట్టి అందులో పట్టేస్తాయి, బస్సు టాపు మీద కట్టడానికీ అదే.