వారం రోజుల్లో వచ్చిన మగత: వయసు ప్రభావమా, పైకి కనిపించని జబ్బా?

ప్రశ్న (వృద్ధుల వార్డులో కొత్తగా చేరిన నర్సు):

అందరికీ నమస్కారం. నర్సింగ్ పూర్తి చేసి ఈమధ్యనే వృద్ధుల సంరక్షణ విభాగంలో చేరాను. నేను చూసుకుంటున్న వారిలో 84 ఏళ్ల పెద్దావిడ ఒకరున్నారు. బీపీ, మోకాళ్ల అరుగుదల, కొద్దిపాటి మతిమరుపు ఉన్నా, పోయిన వారం వరకు తన పనులు తానే చేసుకుంటూ, పక్క మంచం వారితో కబుర్లు చెబుతూ ఉండేవారు. ఇప్పుడు రోజంతా మగతగా పడుకుని ఉంటున్నారు. పిలిస్తే కళ్లు తెరిచి ఒక మాట చెప్పి మళ్లీ మూసేస్తున్నారు. రెండు ముద్దలు తిని చాలంటున్నారు. జ్వరం లేదు. నొప్పి ఉందా అని అడిగితే లేదంటున్నారు. కొంచెం కొంచెంగా నీళ్ల విరేచనాలు అవుతున్నందున మలబద్ధకానికి ఇస్తున్న మందు ఆపాము. పక్కబట్టలు తరచుగా తడుస్తున్నాయి, ఇంతకు ముందు ఆ ఇబ్బంది లేదు.

"ఈ వయసులో అంతేలే" అని ఇంటివారు, "డిమెన్షియా ముదురుతోంది" అని తోటి సిబ్బంది అంటున్నారు. మూత్ర పరీక్షలో బ్యాక్టీరియా కనిపించింది కనుక యాంటీబయాటిక్ మొదలుపెట్టాలన్న ఆలోచన కూడా ఉంది. నాకు మాత్రం ఈ మూడింటిలో ఏదీ సరిపోయినట్లు అనిపించడం లేదు. ఇందులో వయసు వాటా ఎంత, జబ్బు వాటా ఎంత అన్నది మంచం దగ్గర నిలబడిన నర్సు ఎలా తేల్చుకోవాలి?

సమాధానం (సీనియర్ నర్సు):

వయసు మనిషిని ఏళ్ల తరబడి మారుస్తుంది, డిమెన్షియా నెలల మీద, సంవత్సరాల మీద ముదురుతుంది. వారం రోజుల్లో, అదీ పూటపూటకూ హెచ్చుతగ్గులతో వచ్చిన మార్పును ఆ రెండింటి ఖాతాలో వేయకూడదు. వేరే కారణం రుజువయ్యే వరకు దానిని డెలీరియంగానే, అంటే ఏదో జబ్బు వల్లో మందు వల్లో హఠాత్తుగా ధ్యాస, తెలివి మసకబారిన స్థితిగానే చూడాలి. డెలీరియం అనగానే పలవరిస్తూ, సెలైన్ గొట్టం పీకేస్తూ, మంచం దిగిపోబోయే రోగి మన కళ్ల ముందు మెదులుతారు. అయితే వృద్ధుల్లో తరచుగా వచ్చేది, మనం గుర్తించకుండా వదిలేసేది, మగతగా పడి ఉండే రకమే. గొడవ చేయని రోగి "మంచి రోగి" అన్న అభిప్రాయం మన వార్డుల్లో ఎంత అనర్థం చేస్తుందో చెప్పలేను.

నిర్ధారించుకోవడానికి పెద్ద పరికరాలు అక్కరలేదు. నెలల పేర్లు డిసెంబరు నుంచి వెనక్కి చెప్పమనండి. అది కష్టమైన వారిని వారాల పేర్లు వెనక్కి చెప్పమని అడగవచ్చు. జ్ఞాపకశక్తి తగ్గినవారు తప్పులతోనైనా ప్రయత్నిస్తారు, డెలీరియంలో ఉన్నవారు నడి మధ్యలో దారి తప్పిపోతారు, లేదా అడిగిన సంగతే వదిలేస్తారు. ఇక్కడ చూడవలసింది ధ్యాస నిలుస్తుందా లేదా అన్నదే. 4ఏటీ అనే చిన్న పరీక్షలో కూడా చురుకుదనం, ఉన్న చోటు, సంవత్సరం వంటి సంగతుల ఎరుక, ధ్యాస, హఠాత్తుగా వచ్చిన మార్పు అనే నాలుగు అంశాలనే చూస్తారు. మొత్తం మార్కులు 4 లేదా అంతకు మించితే డెలీరియం ఉండవచ్చని అర్థం.

ఇక మీరు మామూలుగా రాసేసిన రెండు వాక్యాల దగ్గర నేను ఆగిపోయాను. కొంచెం కొంచెంగా నీళ్ల విరేచనాలు, కొత్తగా పక్క తడవడం. పెద్దపేగు చివర మలం రాయిలా గట్టిపడి అడ్డుపడితే, దాని పక్కల నుంచి పలుచటి ద్రవం మాత్రమే జారుతుంది. చూసేవారు దానిని విరేచనాలు అనుకొని, అవసరమైన మందునే ఆపేస్తారు. అదే విధంగా మూత్రాశయం ఖాళీ కాకుండా నిండిపోయి ఉంటే, పొంగిన కొద్దిపాటి మూత్రమే పక్క మీద పడుతుంది. గట్టిపడిన మలమే మూత్రాన్ని కూడా ఆపగలదు. కనుక ముందుగా పొత్తికడుపు మీద చేయి వేసి, ఉబ్బు ఉందేమో, నొక్కితే ముఖం చిట్లిస్తారేమో గమనించండి. మూత్రం పోసిన వెంటనే బ్లాడర్ స్కాన్ చేసి ఎంత మిగిలిందో చూడండి. మలద్వార పరీక్ష చేయవలసిందిగా డాక్టరు గారిని కోరండి.

ఆ తరువాత మందుల చార్టు తెరిచి, గత నెలలో కొత్తగా చేరినవి ఏమిటో చూడండి. నరాల నొప్పికి ఇచ్చే అమిట్రిప్టిలిన్, జలుబు మందుల్లో ఉండే క్లోర్‌ఫెనిరమిన్, మూత్రం ఆపుకోలేని వారికి ఇచ్చే ఆక్సిబ్యుటినిన్ వంటివి నోరు ఎండబెట్టి, పేగుల కదలికను మందగింపజేసి, మూత్రాన్ని నిలిపివేసి, చివరికి మెదడునూ మసకబారుస్తాయి. వృద్ధులకు తగని మందులను సూచించే బీర్స్ జాబితా 1991లో మొదటిసారి వెలువడింది, 2023లో కూడా సవరించారు. ఈ తరహా మందులు అందులో ప్రముఖంగా ఉంటాయి.

సమాధానం (వృద్ధుల వైద్యం చూసే డాక్టరు):

పై సమాధానంతో ఏకీభవిస్తూ మూత్ర పరీక్ష విషయం మాత్రం చెబుతాను. దీర్ఘకాలిక సంరక్షణ కేంద్రాల్లో ఉండే వృద్ధుల్లో, ఏ బాధా లేకపోయినా, స్త్రీలలో దాదాపు 25 నుంచి 50 శాతం మందికి, పురుషుల్లో 15 నుంచి 40 శాతం మందికి మూత్రంలో బ్యాక్టీరియా కనిపిస్తుంది. అందువల్ల కల్చర్ (మూత్రంలోని బ్యాక్టీరియాను పెంచి చూసే పరీక్ష) పాజిటివ్ రావడం మాత్రమే మగతకు కారణం కాజాలదు. జ్వరం, చలి వణుకు, మూత్రంలో మంట, నడుము పక్కన నొప్పి, బీపీ పడిపోవడం వంటివి లేనప్పుడు యాంటీబయాటిక్ ఇచ్చి ఊరుకుంటే, అసలు కారణం వెతకడం అక్కడితో ఆగిపోతుంది. అయితే మూత్రం నిలిచిపోయిన వారికి నిజమైన ఇన్‌ఫెక్షన్ తేలికగా వస్తుంది కాబట్టి, గమనించడం మానకూడదు.

"జ్వరం లేదు" అన్న మాటను కూడా జాగ్రత్తగా తీసుకోవాలి. చాలామంది వృద్ధుల మామూలు ఉష్ణోగ్రతే తక్కువగా ఉంటుంది. వారి మామూలు కంటే 1.1 డిగ్రీల సెల్సియస్ పెరిగినా, లేదా నోటిలో ఒక్కసారి 37.8 దాటినా, దానిని జ్వరంగానే లెక్కించాలి. నిమిషానికి 25 లేదా అంతకు మించి శ్వాస తీసుకుంటున్నట్లయితే, దగ్గు లేకపోయినా న్యుమోనియా ఉందేమో చూడాలి. గుండెపోటు కూడా ఛాతీ నొప్పి లేకుండా, కేవలం నీరసంగా రావచ్చు, ఒక ఈసీజీ తీయించండి. బీపీ మాత్రలో థయాజైడ్ (మూత్రం ఎక్కువగా పోయించే మందు) ఉంటే, అది సోడియంను తగ్గించి మగత తేగలదు కనుక, రక్తంలో సోడియం ఎంతుందో తప్పక చూడాలి.

సమాధానం (ఇంటి వద్ద వృద్ధులకు సేవలందించే నర్సు):

కారణం వెతుకుతున్న రోజుల్లోనే కొత్త జబ్బులు పుడతాయి. తడి పక్క మీద కదలకుండా పడుకున్నవారికి త్రికాస్థి (వెన్నెముక కింది చివరి ఎముక) దగ్గర, మడమల దగ్గర చర్మం త్వరగా దెబ్బతింటుంది. ఎర్రబడిన చోట వేలితో నొక్కినా ఎరుపు పోకపోతే, పడకపుండు మొదలైనట్లే. పడకపుండ్ల ముప్పును అంచనా వేసే బ్రేడెన్ స్కేలులో 18 లేదా అంతకు తక్కువ వస్తే ప్రమాదం ఉందని అర్థం. పక్కకు తిప్పేటప్పుడు పూర్తిగా తుంటి ఎముక మీద కాకుండా 30 డిగ్రీల వాలుగా ఉంచి, మడమలు పరుపుకు ఆనకుండా కాళ్ల కింద దిండు పెట్టండి. కళ్లజోడు, వినికిడి యంత్రం సొరుగులో ఉంటే తీసి పెట్టండి. లేపి నిలబెట్టే ముందు పడుకోబెట్టి ఒకసారి, నిలబడ్డాక మూడు నిమిషాల లోపల మరోసారి బీపీ చూడాలి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ తగ్గితే నడిపించే తొందర వద్దు.

నొప్పి లేదన్న మాట మీద కూడా ఆధారపడకండి. ధ్యాస నిలవనివారు అడిగిన ప్రతిదానికీ లేదనే అంటారు. పక్కకు తిప్పేటప్పుడు శ్వాస మారుతుందా, మూలుగుతున్నారా, పిడికిలి బిగిస్తున్నారా అన్నది చూడండి.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ కృతజ్ఞతలు. పొత్తికడుపు బొడ్డు వరకు గట్టిగా ఉంది. స్కాన్‌లో 900 మిల్లీలీటర్లకు పైగా మూత్రం కనిపించడంతో క్యాథెటర్ (మూత్రాన్ని బయటకు తీసే గొట్టం) వేశారు. మలం గట్టిగా అడ్డుపడి ఉందని పరీక్షలో తేలింది. పాదాల మంటలకని అమిట్రిప్టిలిన్ ఇటీవల మొదలైంది, దానితో పాటు జలుబు సిరప్ కూడా నడుస్తోంది. డాక్టరు గారు రెండూ ఆపించారు, యాంటీబయాటిక్ ప్రస్తుతానికి వద్దన్నారు. ఇప్పుడు కళ్లు తెరిచి మాట్లాడుతున్నారు గానీ, రాత్రిళ్లు మేలుకుని ఎవరెవరినో పిలుస్తున్నారు. నిద్రమాత్ర వేయించమని ఇంటివారు అడుగుతున్నారు. క్యాథెటర్ ఎన్నాళ్లు ఉంచాలి?

సమాధానం (సీనియర్ నర్సు):

మొదటి గంటలు ముఖ్యం. నిండిన మూత్రాశయం ఖాళీ అయ్యాక కొందరిలో మూత్రం విపరీతంగా వస్తుంది. వరుసగా రెండు గంటల పాటు గంటకు 200 మిల్లీలీటర్లు దాటితే వెంటనే డాక్టరు గారికి తెలియజేయండి, బీపీ కూడా చూస్తుండండి. పేగు ఖాళీ అయి, ఆ మందుల ప్రభావం తగ్గాక, క్యాథెటర్ తీసి సొంతంగా పోయగలుగుతున్నారేమో పరీక్షించే తేదీని ఇప్పుడే డాక్టరు గారితో మాట్లాడి చార్టులో రాయించండి. తేదీ రాయని క్యాథెటర్ అలాగే ఉండిపోతుంది. గట్టిపడిన మలాన్ని ఎనిమా వంటి వాటితో కింది నుంచి తొలగించిన తరువాతే ఆపిన విరేచన మందు మళ్లీ మొదలుపెట్టడం మేలు.

నిద్రమాత్ర విషయంలో ఇంటివారికి ఓపికగా వివరించండి. డయజెపామ్, లోరజెపామ్ తరహా మందులు డెలీరియంను పెంచుతాయి, పడిపోయే ప్రమాదాన్నీ పెంచుతాయి. పగలు కిటికీ వెలుతురులో కూర్చోబెట్టి, రాత్రి దీపాలు తగ్గించి, అవసరం లేని పరీక్షల కోసం నిద్ర లేపకుండా చూడండి. ఆవిడకు బాగా తెలిసిన మనిషి ఒకరు సాయంత్రం పక్కన కూర్చుంటే మాత్రలు చేయలేని పని జరుగుతుంది. తేరుకోవడానికి రోజులే కాదు, కొందరికి వారాలు, నెలలు కూడా పడతాయన్న సంగతిని ముందే చెప్పండి, లేకపోతే మొదటి చెడ్డ రాత్రికే మళ్లీ డిమెన్షియా అన్న మాట వస్తుంది. ఇంటికి పంపేటప్పుడు ఇచ్చే కాగితంలో ఆపించిన అమిట్రిప్టిలిన్, జలుబు సిరప్ పేర్లు, అవి పడలేదన్న వివరం స్పష్టంగా రాయించండి. జలుబు చేస్తే ఇంటివారు మళ్లీ ఆ సిరప్పే కొనే అవకాశం ఎక్కువ.