షట్టర్ సెన్సార్ డైరెక్ట్ చేయించడం తప్పా?

పానగల్ రోడ్డు: మాది నల్గొండ. కారు పెట్టుకునే గదికి మోటారు షట్టర్ పెట్టించి రెండేళ్లయింది. నెల రోజుల నుంచి పొద్దున పూట బటన్ నొక్కితే పైకి బాగానే పోతుంది కానీ కిందికి మాత్రం రాదు, వచ్చినా జానెడు దిగి మళ్లీ లేస్తుంది. మధ్యాహ్నానికి దానంతట అదే బాగవుతుంది. ఎలక్ట్రీషియన్ వచ్చి "సెన్సార్ ఊకే సతాయిస్తది, డైరెక్ట్ చేసేద్దాం" అన్నాడు. అంటే షట్టర్ దిగేటప్పుడు అడ్డం ఎవరైనా ఉంటే ఆపే ఆ సెన్సార్‌ను పక్కనపెట్టి, దాని వైర్లు రెండూ కలిపేయడమట. మా ఇంటామె ఒప్పుకోవట్లేదు, ఇంట్లో మూడేళ్ల మనవరాలుంది.

మిర్యాలగూడ మిల్లు: చేయించేయన్నా. మా గోదాం షట్టర్‌కు ఎప్పుడో చేయించినం, ఇప్పటిదాకా ఏం కాలేదు. ఊక దుమ్ము పట్టి ఆ సెన్సార్ రోజుకోసారి మొరాయించేది, బయట లోడు లారీ, లోపల మేము. చేత్తో లాగే షట్టర్లకు సెన్సార్లు ఉన్నాయా ఏంది?

వైరింగ్ మామ: చేత్తో లాగేటప్పుడు అడ్డం ఎవరైనా వస్తే మన చెయ్యి ఆగుతుంది తమ్మీ, మోటారు ఆగదు. సరే, అసలు సంగతికి వద్దాం. పైకి పోయి కిందికి రావట్లేదంటే అనుమానం సెన్సార్ లైను మీదికే పోవాలి, ఎందుకంటే మోటారును నడిపే బోర్డు దాన్ని చూసేది దించేటప్పుడే. సెన్సార్లు రెండు, ఒకటి కిరణం పంపేది, ఇంకోటి దాన్ని అందుకునే రిసీవర్. ఇలాంటి షట్టర్లకు ఎక్కువగా రిసీవర్‌లో ఎన్‌సీ (నార్మల్లీ క్లోజ్డ్) కాంటాక్ట్ వాడతారు, అంటే ఎదుటి కిరణం అందినంతసేపు ఆ రెండు వైర్లు కలిసే ఉంటాయి. మధ్యలో మనిషి నిలబడ్డా, వైరు తెగినా, జాయింట్ లూజైనా బోర్డుకు తెలిసేది ఒక్కటే, లైను తెగిందని. కాబట్టి సెన్సార్‌ను తిట్టే ముందు మెయిన్ ఆఫ్ చేసి, రెండు సెన్సార్లూ ఊడదీసి బోర్డు పక్కనే మూరెడు కొత్త వైరుతో కలిపి ఎదురెదురుగా పెట్టి చూడండి. అప్పుడు షట్టర్ దిగిందా, సెన్సార్లు మంచివే, తప్పు గోడలోని వైరుది. 230 వోల్టుల లైను కూడా అదే పైపులో లాగి ఉంటే అది ఇంకో తలనొప్పి.

పాలమూరు పోరడు: పొద్దున పూటే అంటే ఎండ కావచ్చు కదా? ఏటవాలు ఎండ రిసీవర్‌లో పడితే దానికి కిరణం కనపడదు. రెండింటినీ అటుది ఇటు మార్చండి. అన్నట్టు, అమెరికాలో ఇళ్ల గ్యారేజీ డోర్లకు 1993 నుంచి ఈ రక్షణ తప్పనిసరి, సెన్సార్లు నేల నుంచి ఆరంగుళాల లోపే బిగిస్తారు. అక్కడి చాలా మోడళ్లలో రెండే వైర్లు, వాటిని కలిపేస్తే డైరెక్ట్ కాదు, బోర్డు ఫాల్ట్ చూపిస్తుంది.

మిర్యాలగూడ మిల్లు: అమెరికా రూల్ మనకెందుకు, మన షట్టర్‌కు లూప్ వేస్తే, అదే ఆ రెండు వైర్లు కలిపేస్తే, పనిచేస్తదా లేదా?

వైరింగ్ మామ: పనిచేస్తది. అదే నా భయం. మీ గోదాంలో పిల్లలు ఆడుకోరు, ఆయన ఇంట్లో ఆడుకుంటారు.

పానగల్ రోడ్డు: మామ చెప్పినట్టు చేశాను. బోర్డు పక్కన పెడితే పొద్దున ఏడింటికి కూడా షట్టర్ చక్కగా దిగింది. వైరు వెంబడే పోయి చూస్తే గడప పక్కన, నేలకు బెత్తెడెత్తులో చిన్న ప్లాస్టిక్ డబ్బా, మూతకు స్క్రూ ఒకటే ఉంది. లోపల మెలిపెట్టి టేపు చుట్టిన జాయింట్. టేపు విప్పితే రాగి తీగ పచ్చగా చిలుము పట్టి ఉంది, ముట్టుకుంటే పొడి రాలింది. పనమ్మాయి పొద్దున్నే సాంపి చల్లేది సరిగ్గా అక్కడే, రోజూ అది తడిసి మధ్యాహ్నానికి ఆరుతోంది! కొత్త వైరు ఒకే ముక్కగా లాగించి, సెన్సార్ల మీద రేకు గొడుగు పెట్టించాను. నాలుగు రోజులైంది, ఒక్కసారీ ఆగలేదు.

మిర్యాలగూడ మిల్లు: సాంపి కథ బాగుంది గానీ మా ఊక దుమ్ముకు ఏం చేయమంటవ్ మామా?

వైరింగ్ మామ: మెత్తటి గుడ్డ, పొద్దునోసారి. ముందు ఆ లూప్ పీకు.