సమస్య: పెంచినట్టి తల్లి పీక కోసె

నిర్వాహకులు (తిరుపతి): సంక్రాంతి ముంగిట్లో ఉన్నాం కాబట్టి ఈసారి పూరణ (సమస్యగా ఇచ్చిన పాదంలోని విపరీతం విడిపోయేలా మిగతా పాదాలు రాయడం) పెరట్లోనే పుట్టాలి, వంటింట్లో ముగియాలి. ఛందస్సు ఆటవెలది, ఇచ్చినది నాలుగో పాదం. గణమంటే గురులఘువుల గుంపు; సూర్యగణం చిన్నది, ఇంద్రగణం పెద్దది. ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. రెండు, నాలుగు పాదాల్లో అయిదూ సూర్యగణాలే. నాలుగో గణం మొదటి అక్షరం యతిస్థానం, అంటే పాదం మొదటి అక్షరంతో దానికి పొత్తు కుదరాలి. ప్రాసనియమం (పాదాల రెండో అక్షరాలు కలవాలన్న కట్టు) లేదు గనుక ఎవరికీ సాకు లేదు.

చంద్రగిరి అక్కయ్య:

బిడ్డవోలెఁ జూచి పెరటి గుమ్మడికాయ
నీరు పోసి పాదు నిలిపి సాకి
కత్తిపీట ముందు కలగూరకై నేడు
పెంచినట్టి తల్లి పీక కోసె

పాకాల మాస్టారు: నడక హాయిగా ఉంది. "కత్తిపీట – కలగూర" యతి కోసం తెచ్చిపెట్టినట్లు లేదు, పండుగనాటి వంటింట్లోంచి నేరుగా వచ్చింది. చిక్కల్లా గుమ్మడికాయతోనే. మన వైపు చాలా ఇళ్లలో నిండు గుమ్మడికాయకు ఆడవాళ్లు మొదటి గాటు పెట్టరు. ఇంట్లో మగవాళ్లెవరో, చివరికి పదేళ్ల పిల్లవాడైనా సరే, ఒక దెబ్బ వేసి ఇస్తేనే ముక్కలు తరుగుతారు. మీ పద్యంలో పెద్దల పండుగనాడే తల్లి ఒంటరిగా ఆ పని కానిచ్చేసింది!

చంద్రగిరి అక్కయ్య: మాస్టారూ, మా అత్తగారు చదివినా ఇదే మాట అనేవారు. గుమ్మడి కాకపోతే ఇంకేం పెట్టమంటారు?

పాకాల మాస్టారు: సొర పెట్టండి. "బిడ్డవోలెఁ జూచి పెరటిలోని సొరను" అంటే గణాలూ సరిపోతాయి, యతీ నిలుస్తుంది. పైగా సొరకాయకు నిజంగానే పీక ఉంది. గుమ్మడికి తొడిమ తప్ప ఏముంది?

పుత్తూరు సభ్యుడు:

గెలను మోసి వంగి కింద పిలకలున్న
యరటి చెంతఁ జేరి యయ్య నేడు
దవ్వ కూర వండఁ దలపోసి కత్తితో
పెంచినట్టి తల్లి పీక కోసె

నిర్వాహకులు: భళా! అందరూ కోసే తల్లిని వెతుకుతుంటే మీరు కోయించుకునే తల్లిని పట్టుకొచ్చారు. అరటి ఒక్క గెలే వేస్తుంది. గెల దించాక తల్లిచెట్టును నరికి పిలకలకు చోటివ్వడం తోటలో ఏటా జరిగేదే. అందులో క్రూరత్వం లేదు కనుక సమస్యలోని దోషం దానంతటదే విడిపోయింది. విస్తరికి ఆకులు, కూరకు దవ్వ (అరటి బోదె లోపలి మెత్తని భాగం), పిలకలకు వెలుతురు, అన్నీ ఒక్క వేటుకే దొరికాయి.

పాకాల మాస్టారు: ఒక్కటి మాత్రం సరిచేయాలి. మూడో పాదం చివర, నాలుగో పాదం మొదలు కలిపి చదివితే "కత్తితో పెంచినట్టి తల్లి" అని వినబడుతోంది. అంత కఠినురాలైన తల్లిని నేనెక్కడా చూడలేదు. "కత్తెత్తి" అంటే పోతుంది.

చిత్తూరు సభ్యుడు: కనుమనాడు పెంచిన కోడినే కోశారని రాస్తే పని సులువుగా తేలిపోదా?

నిర్వాహకులు: తేలిపోతుంది, పూరణ కూడా తేలిపోతుంది. సమస్య చెప్పిన ఘోరాన్ని అలాగే జరిపిస్తే విరుపు ఎక్కడుంటుంది? పైగా కోడి పెరటి పంట కాదు.

పలమనేరు కొత్త సభ్యుడు: మొదటి ప్రయత్నం, తప్పులుంటే నిర్మొహమాటంగా చెప్పండి.

అనపగింజ నాన నలవోకగాఁ బట్టి
తొక్క యూడఁ బితికి పప్పు తీసి
వండుటకని లేత వంగకాయలఁ దెచ్చి
పెంచినట్టి తల్లి పీక కోసె

పాకాల మాస్టారు: పితికిన పప్పు లేని చిత్తూరు సంక్రాంతి ఏం సంక్రాంతి? ఆ మాట మొదట మీకే తట్టింది. రెండో పాదంలో యతి తప్పింది. "తొ"కూ "ప"కూ పొత్తు లేదు. "పొట్టు పోవఁ బితికి పోగు చేసి" అనండి.

చంద్రగిరి అక్కయ్య: నా అభ్యంతరం యతి మీద కాదు, "అలవోకగా" మీద. తమ్ముడూ, నువ్వెప్పుడైనా పితికావా? రాత్రంతా నానిన గింజను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి నొక్కితే పప్పు సర్రున జారి పళ్లెం దాటి పోతుంది. తొక్క వేలికే అంటుకుంటుంది. గిన్నెడు గింజలయ్యేసరికి వేళ్ల చివర్లు ముడతలు పడి మంటెత్తుతాయి. అందుకే ఆ పని ఒక్కరికి వదిలేయరు.

పలమనేరు కొత్త సభ్యుడు: తినడమే తెలుసు అక్కయ్యా. అయితే ఇలా మారుస్తాను: "అనపగింజ నాన నందరు గూర్చుండి".

పాకాల మాస్టారు: ఇప్పుడు పద్యంలోకి ఇల్లంతా వచ్చింది. యతి కూడా చెడలేదు.

నిర్వాహకులు: భోగి రాత్రి వరకు పూరణలు పంపవచ్చు. సొర, అరటి, వంకాయ అయిపోయాయి, మళ్లీ వద్దు. పొంగలి కుండకు కట్టే పసుపు మొక్కను ఇంకా ఎవరూ ముట్టలేదు. దానికీ తల్లిదుంప, పిల్లకొమ్ములు ఉంటాయి, చూడండి.