బాలింత డిప్రెషన్‌కి మూలం హార్మోన్లా, ఇల్లా?

లేబర్‌రూమ్: బాలింత కుంగిపోతే అత్తగారినీ, ఆడపిల్ల పుట్టడాన్నీ తప్పుపట్టడం ఫ్యాషనైపోయింది. మాయ పడ్డాక ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్లు అమాంతం పడిపోతాయి. మూలం అది. వైద్యమూ అక్కడి నుంచే.

నిమ్మళం: ఆ పతనం కాన్పయిన అందరికీ ఉంది కదండీ, డిప్రెషన్ కొందరికేనేం? 2000లో అచ్చయిన ఒక అమెరికా ప్రయోగంలో మందులతో అలాంటి పతనాన్నే తెప్పించారు. గతంలో బాలింత డిప్రెషన్ వచ్చిన 8 మందిలో 5గురు కుంగారు. రాని 8 మందిలో ఒక్కరూ లేరు. ఇక గోవాలో 2002 నాటి అధ్యయనం 6–8 వారాల బాలింతల్లో 23 శాతం మందికి డిప్రెషన్ ఉందని తేల్చింది. ముప్పు పెంచినవాటిలో పేదరికం, భర్త హింస, ఆడపిల్ల పుట్టడం ఉన్నాయి.

లేబర్‌రూమ్: ఆ 8 మంది లెక్క నా పక్షమే! కొందరి మెదడు హార్మోన్ల పతనాన్ని తట్టుకోలేదనేగా. పైగా మనకి పుట్టిల్లనే ఆసరా ఉంది.

ఆశా_శిక్షణ: బాలింత తల్లి కూలికి వెళ్తే పుట్టింట్లో మాత్రం చూసేదెవరండీ? పథ్యం పేరుతో ఆకుకూరలు మాన్పిస్తే రక్తహీనత తగ్గదు, ఆ నీరసం డిప్రెషన్‌లా కనిపిస్తుంది. అందుకే ముందు హిమోగ్లోబిన్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష) చూడాలి. 4–5వ రోజు బాలింతకి వచ్చే ఏడుపు చాలామందికి రెండు వారాల్లో సర్దుకుంటుంది, అప్పుడే ఎడిన్‌బరో ప్రశ్నావళి (బాలింత డిప్రెషన్‌ని పసిగట్టేది) పెట్టకండి. 6వ వారం టీకాకి వచ్చినప్పుడు పెట్టండి. 10 ప్రశ్నలు, గడిచిన 7 రోజుల గురించే. మార్కుల మొత్తం 13 గానీ అంతకు మించి గానీ వస్తే డాక్టర్‌కి చూపించాలి. 10వది తనకి తాను హాని చేసుకోవాలన్న ఆలోచన గురించి, అందులో సున్నా కాకపోతే మొత్తంతో పనిలేదు, ఆ రోజే చూపించాలి. ఎక్కువగా చెడేది ఎక్కడంటే, అత్తగారు పక్కనుండగా అడగడం. బిడ్డని తూకం వేయించమని ఆవిడని పంపి, అప్పుడు అడగండి. "దిగులుగా ఉందా" అంటే లేదనే అంటారు. "బిడ్డ పడుకున్నా నాకు నిద్ర పట్టట్లేదు" అంటే మాత్రం వదలొద్దు.

లేబర్‌రూమ్: అడగండి, కానీ పాలిస్తోందని మందు ఆపించకండి. డిప్రెషన్ మందు సెర్ట్రలిన్ పాలలోకి చేరేది చాలా తక్కువ. మొదటి రెండు వారాల్లో నిద్ర లేక పొంతన లేకుండా మాట్లాడితే గాలి సోకిందని తాయెత్తు కడతారు. అది సైకోసిస్, అంటే వాస్తవంతో సంబంధం తెగిపోయే తీవ్రమైన మానసిక జబ్బు, వెయ్యిమందిలో ఒకరిద్దరికి వస్తుంది. ఆ పూటే ఆసుపత్రిలో చేర్చాలి.

నిమ్మళం: సైకోసిస్ దగ్గర మీతో పేచీ లేదు. కానీ పాకిస్తాన్ పల్లెల్లో ఆరోగ్య కార్యకర్తలు ఇళ్ళకెళ్ళి, కుటుంబాన్నీ కలుపుకుని మాట్లాడారు (2008). ఆరు నెలలకి డిప్రెషన్ 23 శాతం, మామూలు సందర్శనలే జరిగిన చోట 53. మాత్ర లేదు. హార్మోన్ లెక్కలో ఇదెలా ఇముడుతుంది?

లేబర్‌రూమ్: వాళ్ళు కడుపుతో ఉండగానే కుంగినవాళ్ళు. నా వాదన కాన్పయ్యాక మొదలయ్యేదాని గురించి.