వెల్స్ 'ఇన్సిడెంట్స్'ని 'ఉదంతాలు' అనొచ్చా?

గ్రూపులో అందరికీ నమస్కారం. ఇంగ్లీషు రచయిత హెచ్.జి. వెల్స్ మొదటి కథల సంపుటి 1895లో వచ్చింది. పేరు 'ది స్టోలెన్ బాసిల్లస్ అండ్ అదర్ ఇన్సిడెంట్స్'. బాసిల్లస్ అంటే ఒక రకం సూక్ష్మక్రిమి. అందులో కొన్ని కథలు తెలుగు చేస్తున్నాను. కథలు ఒక కొలిక్కి వచ్చాయి గానీ సంపుటి పేరు దగ్గరే ఆగిపోయాను. ఆయన స్టోరీస్ అనలేదు, టేల్స్ అనలేదు, పనిగట్టుకుని 'ఇన్సిడెంట్స్' అన్నాడు. 'సంఘటనలు' అంటే మరీ పొడిగా ఉంది. 'కథలు' అంటే ఆయన పక్కన పెట్టిన మాటనే మనం తెచ్చి పెట్టినట్టవుతుంది. నా మొగ్గు 'ఉదంతాలు' వైపు. ఎందుకో చెబుతాను, తర్వాత మీరు చెప్పండి.

అమరకోశం శబ్దాదివర్గంలో 'వార్తా ప్రవృత్తిర్వృత్తాంత ఉదంతః స్యాత్' అని ఉంది. అంటే ఉదంతం వార్తకు పర్యాయపదం. అదే వర్గంలో దానికి కాస్త ముందు 'ఆఖ్యాయికోపలబ్ధార్థా', 'ప్రబంధకల్పనా కథా' అని వస్తాయి. తెలిసిన విషయాన్ని చెప్పేది ఆఖ్యాయిక, కల్పించి చెప్పేది కథ. వెల్స్ తొలి కథలు సరిగ్గా ఈ గీత మీద నడుస్తాయి. సరుకంతా కల్పన, చెప్పే తీరు మాత్రం వార్త.

ఈ సంపుటిలోని డేవిడ్‌సన్ కళ్ళ కథే చూడండి. లండన్‌లో ఒక కాలేజీ ల్యాబు, బయట ఉరుములు, మెరుపులు. పెద్ద విద్యుదయస్కాంతం దగ్గర నిలబడ్డ డేవిడ్‌సన్‌కి ఉన్నట్టుండి ల్యాబు కనిపించడం మానేసి సముద్రం, ఇసుక, ఓ ఓడ కనిపిస్తాయి. మనిషి ఇక్కడే ఉన్నాడు, మాటలు వినపడుతున్నాయి, బల్ల చేతికి తగులుతోంది, చూపు మాత్రం భూమికి అవతలి వైపు ఒక దీవిలో ఉంది. చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి పల్లపు దారిలో తీసుకెళ్తుంటే అక్కడి దృశ్యంలో ఆయన నీళ్ళలోకి దిగిపోతున్నట్టు కనిపిస్తుంది. భయంతో ఆపమని అరుస్తాడు. కథలో నన్ను బాగా పట్టేసిన చోటు అది. లండన్ రోడ్డు వాలుకీ, ఎక్కడో ఉన్న సముద్రం లోతుకీ లెక్క సరిపోతుంది. ఆ ఒక్క లెక్క తప్పకపోవడం వల్లే మిగతాదంతా నమ్ముతాం.

చివర్లో ఒక నౌకాదళ ఉద్యోగి ఫొటో చూపిస్తే, అదే ఓడ అని డేవిడ్‌సన్ గుర్తు పడతాడు. ఒక ప్రొఫెసరు నాలుగో పరిమాణం అంటాడు, అంతరిక్షంలో మెలిక పడిందంటాడు. ఆ చోటు 8,000 మైళ్ళ దూరంలో ఉంది కదా అని కథకుడు అడ్డం తిరిగితే, కాగితం మీద గజం దూరంలో ఉన్న రెండు చుక్కల్ని కాగితం వంచి కలపొచ్చు అని జవాబు. కథకుడు దానికీ ఒప్పుకోడు. నాకు లెక్కలు రావు, ఇదంతా అర్థం లేని మాటలా ఉంది అనేసి ఊరుకుంటాడు. చూసినది చెప్పడం, కారణం దగ్గర చేతులెత్తేయడం మంచి విలేఖరి పద్ధతి. కథ చెప్పేవాడు ఇలా ఆగడు. అందుకే 'ఉదంతం' అంటున్నాను.

ఒక సభ్యురాలి వ్యాఖ్య: మాట బాగుందండీ. కానీ ఇవాళ పేపర్లలో ఉదంతం ఎక్కడ కనిపిస్తుందో చూడండి. 'లంచాల ఉదంతం', 'మోసం చేసిన ఉదంతం వెలుగులోకి'. అమరకోశంలో వార్తే కావచ్చు, ఇప్పుడు దానికి కేసు వాసన అంటుకుంది. 'వృత్తాంతం' అయితే హుందాగా ఉండదూ?

పోస్టు పెట్టినవారు: నిజమేనండీ, ఆ వాసన ఉంది. నాకు అదే కావాలి. డేవిడ్‌సన్ కథ అసలు పేరులోనే 'రిమార్కబుల్ కేస్' అని ఉంది. ఆయన తర్వాత రాసిన 'స్ఫటికపు గుడ్డు' కథలోనూ పాత సామాన్ల కొట్టు కేవ్, ఆస్పత్రిలో పనిచేసే వేస్, భార్య సాధింపు, గుడ్డు ధర మీద గొడవ అన్నీ ఆరా తీసి రాసినట్టు వస్తాయి. ఆ గుడ్డులోంచి కనిపించేది అంగారక గ్రహం! వృత్తాంతం అనగానే పెద్దమనిషి తీరిగ్గా మొదటినుంచి చెబుతున్నట్టుంటుంది. ఉదంతం 'బయటపడుతుంది'. ఈ కథల్లో విషయాలు బయటపడతాయి.

ఇంకో సంగతి. 1881లో అమెరికాలో ఎడ్వర్డ్ పేజ్ మిచెల్ రాసిన, వెనక్కి నడిచే గడియారం కథ న్యూయార్క్ సన్ దినపత్రికలో సంతకం లేకుండా వచ్చింది. వెల్స్ 'కాలయంత్రం' నవలకి 14 ఏళ్ళ ముందు. వార్తల పక్కనే, పేరు లేకుండా అలాంటి కథ! ఈ రకం కథలు పుట్టిందే పత్రికల్లో. వెల్స్ బాసిల్లస్ కథ కూడా 1894 జూన్‌లో పాల్ మాల్ బడ్జెట్ అనే వారపత్రికలో వచ్చింది. అందులో ఒక సైంటిస్టు దగ్గర్నుంచి కలరా క్రిమి అనుకుని గొట్టం ఎత్తుకుపోయే దొంగ ఒక అరాచకవాది, అంటే ప్రభుత్వాలే వద్దనే అనార్కిస్టు. అదే ఏడాది ఫిబ్రవరిలో గ్రీనిచ్ పార్కులో బాంబు పేలి, దాన్ని తెచ్చిన అరాచకవాదే చనిపోయాడు. కలరా క్రిమిని జర్మన్ శాస్త్రవేత్త రాబర్ట్ కోచ్ కలకత్తాలో విడిగా పెంచి పదేళ్ళయింది. ఆ వారం కథ చదివినవాళ్ళకి ఈ రెండూ తెలిసిన సంగతులే.

ఇంకొకరు: ఒక అభ్యంతరం. 'ది స్టార్' కథకి ఈ మాట నప్పదు. 1897లో వచ్చింది. సౌరకుటుంబంలోకి దూసుకొచ్చిన నక్షత్రం వల్ల భూమి మీద వరదలు, భూకంపాలు. అందులో ఒక సాక్షి లేడు, ఒక ఊరు లేదు. చివర్లో అంగారకుడి మీద ఉన్న ఖగోళ శాస్త్రవేత్తలు చూసి, భూమికి పెద్దగా నష్టం జరగలేదే అనుకుంటారు. కోట్లమంది చావు దూరం నుంచి అలా కనిపించింది. దాన్ని ఉదంతం అంటే చిన్నబుచ్చినట్టే.

పోస్టు పెట్టినవారు: ఒప్పుకుంటాను. ఆ కథ వచ్చింది 1899 సంపుటిలో, దాని పేరు 'టేల్స్ ఆఫ్ స్పేస్ అండ్ టైమ్'. అంటే నాలుగేళ్ళలో ఆయనే మాట మార్చాడు. అక్కడ మనం హాయిగా 'కథలు' అందాం. ఉదంతాలు మొదటి సంపుటికే ఉంచుదాం.

మరో వ్యాఖ్య: మనవైపు నుంచి ఒకటి కలుపుతాను. జగదీశ్ చంద్ర బోసు గారు 1896లో బెంగాలీలో 'నిరుద్దేశేర్ కాహినీ' రాశారు. కుంతలీన్ తలనూనె వాళ్ళు పెట్టిన పోటీలో బహుమతి పొందిన కథ. బంగాళాఖాతంలో తుఫాను వస్తోందని వాతావరణ శాఖ హెచ్చరిస్తుంది, కలకత్తా వణుకుతుంది, తీరా తుఫాను రాదు. ఎటు పోయిందని పత్రికల్లో చర్చ, శాస్త్రవేత్తల వాదాలు. అసలు సంగతేమిటంటే ఓడలో ఉన్న ఒకాయన సముద్రంలో తలనూనె సీసా పోశాడు, అలలు అణిగిపోయాయి. నూనె నీటి తలతన్యతని మారుస్తుందన్న శాస్త్రాన్ని పట్టుకుని అల్లిన కథ. వాయుగుండం వార్త కోసం రేడియో దగ్గర కూర్చున్న మన కోస్తావాళ్ళకి ఇది ఇంకా బాగా తెలుస్తుంది. వార్తతో మొదలెట్టి కల్పనలోకి తీసుకెళ్ళడం ఇక్కడా ఉంది. మీ ఉదంతం దీనికి కూడా సరిపోతుంది.

పోస్టు పెట్టినవారు: చాలా సంతోషం. లండన్ వార్తాపత్రిక చేసే పనే కలకత్తాలో తుఫాను హెచ్చరిక చేసిందన్నమాట. ముందుమాటలో తప్పకుండా రాస్తాను.

మొదటి సభ్యురాలు మళ్ళీ: సరే, ఉదంతాలకి నా ఓటు కూడా. మరి 'స్టోలెన్ బాసిల్లస్' సంగతేంటి? 'దొంగిలించిన బాసిల్లస్' అంటే ఆ క్రిమే దేన్నో దొంగిలించినట్టు కూడా అర్థం వస్తుంది. 'దొంగిలించబడిన' అంటే తెలుగులా లేదు.

పోస్టు పెట్టినవారు: ఇదే అడుగుదామనుకుంటున్నాను. 'కలరా క్రిమి' అని పెడదామని కొందరు సలహా ఇచ్చారు గానీ అది అస్సలు కుదరదు. అరాచకవాది పట్టుకుపోయిన గొట్టంలో ఉన్నది కలరా కాదని చివరి పేజీలో తెలుస్తుంది. అది జంతువుల ఒంటిమీద నీలం రంగు తెప్పించే వేరే క్రిమి. సైంటిస్టు టోపీ లేకుండా, ఇంటి చెప్పులతో గుర్రబ్బండిలో తరుముతాడు. ఆయన బూట్లు, కోటు, టోపీ పట్టుకుని భార్య ఇంకో బండిలో వెనకాలే వస్తుంది. మూడు బండ్ల పరుగు చూసి బండివాళ్ళు కేకలేస్తారు. ఇంత హడావిడీ కలరా అనుకున్నందుకే. పేరులోనే కలరా అని ఖాయం చేసేస్తే మన మాటే అబద్ధమవుతుంది, కలరా కాదంటే గుట్టు విప్పేసినట్టే.

ఇంకొకరు: 'చోరీ అయిన సూక్ష్మక్రిమి, మరికొన్ని ఉదంతాలు'. 'చోరీ' కూడా పేపరు మాటే, ఉదంతం పక్కన ఇమిడిపోతుంది.

పోస్టు పెట్టినవారు: ఇదే ఖాయం చేసుకుంటున్నానండీ. 'అయిన' పెట్టడంతో కర్త గొడవ లేదు, ఏ క్రిమో చెప్పకుండా దాటేశాం. రేపు డేవిడ్‌సన్ పల్లపు దారి పేరా ఇక్కడ పెడతాను. 'మునిగిపోతున్నాను' అనాలా, 'నీళ్ళలోకి దిగిపోతున్నాను' అనాలా అన్నదాని మీద మీ అభిప్రాయాలు కావాలి.