స్పినోజా మీద వేసిన వెలిని ఇప్పటికైనా ఎత్తేయాలా?

గోదారిగట్టు: 1656 జులై 27న ఆమ్‌స్టర్‌డామ్‌లోని పోర్చుగీసు యూదు సమాజం 23 ఏళ్ల స్పినోజాను, తర్వాత పెద్ద తత్వవేత్తగా పేరు పొందినవాణ్ణి, వెలివేసింది. అతనితో ఎవరూ మాట్లాడకూడదు, నాలుగు మూరల దగ్గరకు వెళ్లకూడదు, అతను రాసింది చదవకూడదు. మతద్రోహం అన్నారే గానీ, చేసిన తప్పేమిటో మాత్రం విప్పి చెప్పలేదు. 2015లో అక్కడే చర్చ పెడితే ఎత్తేయడానికి రబ్బై, అంటే అక్కడి యూదు మతగురువు, ఒప్పుకోలేదు. ఎత్తేయాల్సిందేనని నా వాదన.

పాతపుస్తకం: ముందు అప్పుల సంగతి చూడండి. అదే ఏడాది మార్చిలో, తండ్రి అప్పులు తన మీద పడకుండా అతను డచ్ అధికారులను ఆశ్రయించాడు. సమాజాన్ని కాదని బయటికి వెళ్లాడు. మతమే కారణమని ఎలా అంటారు?

గోదారిగట్టు: వెలి ప్రకటనలో ఉన్నది మతద్రోహం మాటేనండీ. అప్పుల ఊసే లేదు.

సంధ్య: రబ్బైలు అంత కఠినులా?

పాతపుస్తకం: వెలి వేసింది మహమాద్ అనే పాలకవర్గం. వాళ్లు రబ్బైలు కాదు, సమాజ పెద్దలు. ఇది తెలుసుకుని వాదించండి.

గోదారిగట్టు: ఎవరు వేస్తే ఏమిటి? వితంతువును పెళ్లి చేసుకున్నాడని మా తాతను కులపెద్దలు వెలివేశారు. ఆయన పోతే పాడె మోయడానికి ఒక్కడూ రాలేదు. పెద్దలను వెనకేసుకొచ్చేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

పాతపుస్తకం: మీ తాతగారికి జరిగింది అన్యాయమే. కానీ ఆమ్‌స్టర్‌డామ్ మీ ఊరు కాదు. 1497లో పోర్చుగల్‌లో బలవంతంగా బాప్తిస్మం పొందాల్సివచ్చిన యూదుల సంతతి అది. ఇంక్విజిషన్ నుంచి, అంటే మతద్రోహులను వేటాడే కాథలిక్ విచారణ కోర్టుల నుంచి, పారిపోయి పరాయి నగరంలో తలదాచుకున్నారు. తమలో ఒకడు నాస్తికుడని పేరుపడితే అక్కడ ఉండనిస్తారా అని భయం.

గోదారిగట్టు: ఆ భయంతోనేనా, అదే సమాజం వెలివేసిన ఉరియేల్ డా కోస్టాను సినగాగ్‌లో (యూదుల ప్రార్థనా మందిరంలో) 39 కొరడా దెబ్బలు కొట్టి, గుమ్మంలో పడుకోబెట్టి మీద నుంచి నడిచారు? 1640లో ఆయన ఆత్మహత్య చేసుకున్నాడు.

మోడరేటర్: ఇద్దరూ కాస్త శాంతించండి.

రమణ: చాలామంది క్షమాపణ చెప్పుకుని వెలి తీయించుకున్నారు. స్పినోజా అడగనే లేదు. మనమెందుకు అడగాలి?

పాతపుస్తకం: సరిగ్గా చెప్పారు. 1670లో పేరు లేకుండా వేసిన పుస్తకంలో, బైబిల్ తొలి ఐదు కాండాలను మోషే రాయలేదని వాదించాడు. దాన్ని ఒప్పుకోని సమాజం అతన్ని మళ్లీ మావాడే అంటే అది అబద్ధం.

గోదారిగట్టు: నేనడిగేది బతికున్నవాళ్ల కోసం. 2021లో స్పినోజాపై పరిశోధించే ప్రొఫెసర్ ఒకరు ఆ సినగాగ్‌లో చిత్రీకరణకు వస్తానంటే, వెలి ఇంకా అమల్లో ఉంది, రావద్దని రబ్బై ఉత్తరం రాశాడు.

పాతపుస్తకం: ఇది మొదట్లోనే చెప్పాల్సింది. చదవొద్దన్న నిషేధం పోవాలి, నాకూ అభ్యంతరం లేదు. వెలి మాత్రం ఉండాలి. నమ్మకం లేనివాణ్ణి బయట ఉంచే హక్కు మతానికి ఉంది.

గోదారిగట్టు: బయట ఉంచుకోండి. తోడబుట్టినవాళ్లు కూడా పలకరించకూడదని శాసించే హక్కు ఎక్కడిది?

పాతపుస్తకం: ఇంట్లోవాళ్లకు వర్తించకపోతే అది వెలి ఎలా అవుతుంది? అంతమాత్రం కట్టుబాటు లేని సమాజం ఇంక్విజిషన్‌ను తట్టుకుని నిలిచేదే కాదు.